కుక్కతో గడిపితే మా తమ్ముడు కోలుకుంటాడా?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం స్కిజోఫ్రెనియా అని తేలింది. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చాం. మందులు పడ్డాక చెవిలో మాటలు వినిపించడం, అందరినీ అనుమానించడం బాగా తగ్గాయి. జబ్బు తగ్గింది గానీ మనిషి తిరిగి రాలేదు. పొద్దెక్కేదాకా పడుకునే ఉంటాడు, స్నానం చేయమని పదిసార్లు చెప్పాలి, ఏం అడిగినా ఒక్క ముక్కలో జవాబు. ఇప్పుడు పగటిపూట ఒక పునరావాస కేంద్రానికి వెళ్తున్నాడు. అక్కడ వారానికోసారి కుక్కతో థెరపీ మొదలుపెడుతున్నామని, ఇష్టమైతే చేర్చమని అడిగారు. "దానికి వేరే డబ్బు కట్టడమెందుకు, ఓ కుక్కపిల్లను తెచ్చి ఇంట్లో పెంచితే పోలా" అంటున్నారు నాన్న. అమ్మకేమో కుక్క అంటేనే భయం, వాడిని కరుస్తుందేమోనని టెన్షన్. ఇది నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే మందులు తగ్గించొచ్చా? ఆ సెషన్లో మేం పక్కన కూర్చుని చూడొచ్చా? - ఓ అక్క

జవాబు: చేర్చండి. మీ తమ్ముడికి ఇష్టమైతే, నేను చెప్పబోయే కొన్ని ప్రశ్నలకు కేంద్రం వాళ్లు సరైన జవాబులు ఇవ్వగలిగితే, వెనకాడాల్సిన పనిలేదు. మందుల జోలికి మాత్రం వెళ్లకండి. కుక్కపిల్లను ఇప్పుడే తేవొద్దని నాన్నగారికి చెప్పండి. కారణాలు కాస్త వివరంగానే రాస్తాను. ఇంట్లో తలో మాట అంటున్నప్పుడు "ఫలానా వాళ్లు చేర్చమన్నారు" అంటే ఎవరూ వినరు కదా.

ముందు మీ తమ్ముడి సంగతి. స్కిజోఫ్రెనియాలో కొన్ని లేనివి వచ్చి చేరతాయి: ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, ఎవరో పగబట్టారన్న అనుమానం. ఇంకొన్ని ఉన్నవి జారిపోతాయి: ఏదైనా చేయాలన్న ఊపు, నలుగురిలో కలవాలన్న కోరిక, రేపు జరగబోయే మంచిని తలచుకుని ఇవాళే సంతోషపడే శక్తి, ముఖంలో కదలిక. ఈ రెండో రకాన్ని డాక్టర్లు నెగెటివ్ లక్షణాలంటారు. మందులు మొదటి రకం మీద పనిచేసినంతగా రెండో రకం మీద పనిచేయవు. అందుకే చెవిలో మాటలు ఆగిపోయాక కూడా మనిషి మంచం దిగడు. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అనుకుంటారు. అతను స్నానం ఎగ్గొట్టడానికి మొండికేస్తున్నాడని మీకు అనిపిస్తుంది. నిజానికి లేచి బాత్రూం దాకా వెళ్లడానికి లోపలినుంచి రావాల్సిన ఆ చిన్న తోపుడే అతనికి అందడం లేదు. కొంత మందుల మత్తు కూడా ఉంటుంది, అది వేరే. పునరావాసం అనే పని మొదలయ్యేది ఇక్కడే, కుక్క పనికొస్తే గిస్తే ఇక్కడే పనికొస్తుంది.

ఎలా పనికొస్తుందో తెలియాలంటే ఒక సెషన్‌ను దగ్గరగా చూడాలి. బయటినుంచి చూసేవాళ్లకు కొందరు మనుషులు ఓ కుక్కను నిమురుతున్నట్టే ఉంటుంది.

గదిలో నలుగురైదుగురు కుర్చీల్లో కూర్చుంటారు. హ్యాండ్లర్, అంటే ఆ కుక్కను పెంచి దాని వెంటే ఉండే మనిషి, దాన్ని తాడుతో పట్టుకుని లోపలికి వస్తాడు. ఎవరినీ ముట్టుకోమనరు. ఇష్టమున్నవాళ్లు చెయ్యి కిందుగా పెట్టి, అది వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. ఆ ఆగడం తేలికగా కనిపిస్తుంది గానీ, ఎదుటి ప్రాణి ఏం చేస్తుందోనని కళ్లప్పగించి ఉండటం మీ తమ్ముడి లాంటి వాళ్లకు ఎన్నాళ్లుగానో లేని అనుభవం. తర్వాత వాళ్లలో ఒక అబ్బాయి చేతికి బ్రష్ ఇస్తారు. మెడ నుంచి వీపు మీదుగా, వెంట్రుకలు వాలిన వైపుకే దువ్వాలి. మందుల వల్ల కొందరికి చేతులు వణుకుతాయి. వణికే చేతిని చూస్తే మనుషులు చూపు తిప్పుకుంటారు, కుక్కకు ఆ పట్టింపు ఉండదు. దువ్వుతూ దువ్వుతూ నడుము దాటి తోక దగ్గరికి వచ్చేసరికి అది తల పక్కకు తిప్పుకుని, నాలుకతో ఒకసారి మూతి తడుముకుంటుంది. థెరపిస్ట్ అడుగుతుంది: "ఇప్పుడు దానికి ఎలా ఉందంటారు?" జవాబు రాదు. ఆమె మళ్లీ అడగదు, ఎదురుచూస్తుంది. చివరికి ఆ అబ్బాయి బ్రష్ పైకెత్తి "అక్కడ నచ్చట్లేదేమో" అంటాడు.

ఆ రెండు మాటల కోసమే ఈ ఏర్పాటంతా. ఎదుటివాళ్ల లోపల ఏముందో ఊహించడం, ఆ ఊహను బట్టి తన పని మార్చుకోవడం స్కిజోఫ్రెనియాలో బాగా దెబ్బతినే శక్తి. దాన్ని మనుషులతో సాధన చేయించడం కష్టం. మనుషులు మాటలు దాస్తారు, మొహమాటానికి నవ్వుతారు, "ఇప్పుడేం చేస్తున్నావ్, ఉద్యోగం ఏమైనా చూసుకున్నావా" అని అడుగుతారు. కుక్క ఇవేవీ చేయదు. నచ్చితే దగ్గరికి జరుగుతుంది, నచ్చకపోతే తల తిప్పుకుంటుంది. నేర్చుకునేవాడికి ఇంతకంటే సూటిగా జవాబిచ్చే ఎదుటి పక్షం దొరకదు. కానీ గమనించండి, కుక్క తల తిప్పుకోవడం ఒక్కటే సరిపోలేదు. దాన్ని పట్టుకుని ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషి, జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక ఉన్న మనిషి, పక్కన ఉండాలి. మీరు డబ్బు కట్టేది ఆమెకి. కుక్క ఆమెకు ఓ అవకాశం తెచ్చిపెడుతుంది, అంతే.

నాన్నగారి లెక్కలో ఆ థెరపిస్టే లేదు.

ఇక్కడో తేడా తెలుసుకోవాలి, ఎందుకంటే చాలాచోట్ల ఒకదాని పేరు చెప్పి ఇంకోటి నడుపుతారు. స్వచ్ఛందంగా ఎవరో తమ కుక్కను తీసుకొచ్చి, వార్డులో అందరితో కాసేపు ఆడించి తీసుకెళ్తే అది మంచి కాలక్షేపం. దాన్ని తక్కువ చేయడం లేదు, ఆ పూట అందరి ముఖాలూ వికసిస్తాయి. అయితే అది థెరపీ కాదు. ఈ రంగంలోని సంస్థల అంతర్జాతీయ సమాఖ్య ఐఏహెచ్ఏఐఓ 2014లో నిర్వచనాలు ఖరారు చేసింది. థెరపీ అనాలంటే ఒక్కో మనిషికి ముందే నిర్ణయించిన లక్ష్యం ఉండాలి, వైద్యంలోనో మనస్తత్వశాస్త్రంలోనో సోషల్ వర్క్‌లోనో అర్హత ఉన్నవాళ్లు నడిపించాలి, ఎంత సాధించారో కొలిచి రాసిపెట్టాలి. ఇంటర్నెట్‌లో ఒకరు అద్భుతమని, ఒకరు కాలక్షేపమని అనడానికి సగం కారణం వాళ్లిద్దరూ మాట్లాడుతున్నది ఒకే విషయం గురించి కాకపోవడమే.

ఇదేమీ నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. మానసిక రోగులను గొలుసులతో కట్టేసే రోజుల్లో, 1796లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో విలియం ట్యూక్ తెరిచిన 'రిట్రీట్' అనే ఆశ్రమంలో కుందేళ్లు, కోళ్లు పెరట్లో తిరుగుతుండేవి. తమకంటే బలహీనమైన ప్రాణిని చూసుకుంటే మనిషికి తన మీద తనకు అదుపు వస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్ట్ గదిలోకి, మాటామంతీ లేని ఓ పిల్లవాడు అనుకున్న టైముకంటే ముందే వచ్చేశాడు. ఆయన కుక్క జింగిల్స్ అప్పటికి గదిలోనే ఉంది. పిల్లవాడు దానికి దగ్గరయ్యాడు, ఆ తర్వాతే డాక్టరుకు దగ్గరయ్యాడు. లెవిన్సన్ 1962లో దీని మీద వ్యాసం రాశాక ఈ చికిత్సకు ఒక రూపం వచ్చింది.

ఇక అసలు ప్రశ్న, పనిచేస్తుందా? నాకు తెలిసిన ఆధారాలు చెబుతాను, మీరే తూచుకోండి.

1970లలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో శామ్యూల్, ఎలిజబెత్ కోర్సన్ దంపతులు కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేస్తుండేవాళ్లు. పక్కనే ఉన్న మానసిక వార్డులోని రోగులు కుక్కల అరుపులు విని, వాటితో ఆడుకోనిస్తారా అని అడిగారు. అడిగినవాళ్లలో అంతకుముందు నోరు మెదపనివాళ్లూ ఉన్నారు. మామూలు చికిత్సకు లొంగని 50 మందికి కోర్సన్లు కుక్కలను పరిచయం చేస్తే ముగ్గురు తప్ప అందరూ కొంతో గొప్పో మెరుగయ్యారని 1977లో ప్రకటించారు. వినడానికి బాగుంది గానీ, కుక్క లేకుండా వదిలేస్తే వాళ్లు ఎలా ఉండేవాళ్లో పోల్చి చూడలేదు. 1998లో బార్కర్, డాసన్ అనేవాళ్లు ఆస్పత్రిలో ఉన్న 230 మందిని తీసుకుని, కుక్కతో ఒక సెషన్, మామూలు వినోద కార్యక్రమం ఒక సెషన్ పెట్టి, ముందూ వెనకా ఆందోళన ఎంతుందో కొలిచారు. వినోద కార్యక్రమం డిప్రెషన్ లాంటి మూడ్ జబ్బులున్నవాళ్లకు మాత్రమే పనిచేసింది. కుక్కతో గడిపిన సెషన్ తర్వాత సైకోసిస్ ఉన్నవాళ్లలోనూ, అంటే స్కిజోఫ్రెనియాలోలా భ్రమలు, లేని మాటలు వినిపించడం ఉన్నవాళ్లలోనూ, ఆందోళన తగ్గింది. అది ఆ గంట మాట. మర్నాటికి ఏమైందో ఆ పరిశోధన చెప్పదు.

మీకు ఎక్కువ పనికొచ్చేది ఇజ్రాయెల్‌లో జరిగిన అధ్యయనం. 2001లో ప్రచురించారు. స్కిజోఫ్రెనియాతో ఏళ్లతరబడి ఆస్పత్రిలో ఉన్న వృద్ధులు 20 మంది. సగం మంది వారానికోసారి నాలుగు గంటలపాటు కుక్కలకు, పిల్లులకు స్నానం చేయించడం, దువ్వడం, తిండి పెట్టడం, తిప్పడం చేశారు. మిగతా సగం మంది ఆ సమయంలో వార్తలు చదివి చర్చించుకున్నారు. ఏడాది తిరిగేసరికి జంతువులతో గడిపినవాళ్లలో తమ పనులు తాము చేసుకోవడం, నలుగురితో మసలుకోవడం బాగుపడ్డాయి. జంతువుకు స్నానం చేయించడాన్ని వాళ్లు ఊరికే పెట్టలేదు, ఆ మనిషి తన స్నానం తాను చేసుకునే దారిలోకి రావాలనే పెట్టారు. పదిసార్లు చెప్పించుకునే మీ తమ్ముడికి ఇది సరిగ్గా సరిపోతుంది. అయితే మొత్తం 20 మందే అన్నది, పట్టింది ఏడాది అన్నది మర్చిపోకండి.

నార్వేలో బెంటె బెర్గెట్, ఆమె సహచరులు చేసింది ఇంకా ఆసక్తికరం. రకరకాల మానసిక జబ్బులున్న 90 మందిలో 60 మందిని 12 వారాలపాటు, వారానికి రెండుసార్లు, మూడేసి గంటలు పశువులున్న పొలాలకు పంపారు, మిగతా 30 మందిని పంపలేదు. ఆ 12 వారాలు అయ్యేసరికి రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. ఆరునెలల తర్వాత మళ్లీ కొలిస్తే పొలానికి వెళ్లినవాళ్లలో "నేను చేయగలను" అన్న నమ్మకం పెరిగింది. జీవితం ఎలా ఉందన్న కొలతలో మాత్రం మార్పు లేదు. నాకు ఈ అధ్యయనం మీద గౌరవం. వచ్చింది వచ్చినట్టు, రానిది రానట్టు చెప్పారు. ఓపిక ఎంత పట్టాలో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ రంగంలోని చాలా పరిశోధనలు చిన్నవి. కుక్క ఉందో లేదో రోగికీ తెలుస్తుంది, కొలిచేవాళ్లకూ తెలిసిపోతుంది. మందుల పరీక్షలో అయితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చొచ్చు, ఉత్తుత్తి కుక్కను ఎక్కడినుంచి తెస్తాం? బొమ్మ కుక్కలు పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు గానీ, చిన్నపిల్లలు కూడా ఆ తేడా కనిపెట్టేస్తారు. పైగా కొత్తదనం వల్ల వచ్చే హుషారు కొన్నాళ్లకు తగ్గిపోవచ్చు. ఆక్సిటోసిన్ గురించి, అంటే మమకారంతో ముడిపడిన హార్మోన్ గురించి, మీరు చదివే ఉంటారు. మనిషీ కుక్కా కళ్లలోకి చూసుకుంటే ఇద్దరిలోనూ అది పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో చూపించిన మాట నిజమే. అయితే అది సొంత కుక్క, సొంత యజమాని విషయం. వారానికోసారి వచ్చే కుక్కకు అదే వర్తిస్తుందని అనుకోనక్కర్లేదు. ఆక్సిటోసిన్ పెరిగినంత మాత్రాన ఎవరూ లేచి స్నానానికి వెళ్లరు కూడా. మొత్తం మీద నా అంచనా ఇది: ఆందోళన తగ్గుతుంది, మాట కలుస్తుంది, కేంద్రానికి వెళ్లాలన్న కారణం ఒకటి దొరుకుతుంది. భ్రమలు, చెవిలో మాటలు దీనితో పోతాయనడానికి ఆధారం లేదు.

అందుకే మందుల ప్రశ్నకు జవాబు, తగ్గించొద్దు. మార్పు కనిపించిన కొత్తలోనే ఇళ్లలో "బాగానే ఉన్నాడుగా, ఇంకా ఎందుకు" అన్న మాట వస్తుంది. అతను బాగుండటానికి ఆ మందే కారణమై ఉంటుంది. ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ, తిరగబెట్టిన ప్రతిసారీ మునుపటి స్థితికి రావడం కష్టమవుతుంది. డోసు మార్చాల్సి వస్తే అది సైకియాట్రిస్ట్ పని. ఆయనతో ఇంకో రెండు విషయాలు కూడా మాట్లాడండి. మీ తమ్ముడు క్లోజపిన్ అనే స్కిజోఫ్రెనియా మందు వాడుతుంటే తెల్ల రక్తకణాలు తగ్గే అవకాశం ఉంది, అందుకే క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయిస్తారు. అవి తగ్గితే ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి. కాబట్టి అలాంటివాళ్లు జంతువులతో గడపబోతున్నారని డాక్టరుకు ముందే చెప్పాలి. ఇక పొద్దున పూట మందుల మత్తు ఎక్కువగా ఉంటే సెషన్‌ను మధ్యాహ్నానికి మార్చమని కేంద్రాన్ని అడగొచ్చు. తూగుతూ కూర్చున్నవాడికి కుక్కైనా ఒకటే, కుర్చీ అయినా ఒకటే.

నాన్నగారి కుక్కపిల్ల దగ్గరికి వద్దాం. ఆయన ఉద్దేశం మంచిదే, నాకు అందులో అనుమానం లేదు. కానీ కుక్కపిల్ల ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో ఊహించండి. రాత్రి అరుస్తుంది, ఇంట్లో పాడు చేస్తుంది, దొరికినదల్లా కొరుకుతుంది, వేళకు తిండి, నీళ్లు, టీకాలు చూడాలి. నిద్ర చెడటం స్కిజోఫ్రెనియాకు అస్సలు మంచిది కాదు. మొదటి వారం మీ తమ్ముడు సరదాగానే చూసుకోవచ్చు. ఒకరోజు లేవడు. అప్పుడు నాన్నగారే అంటారు: "నీ కోసమే కదా తెచ్చింది, దానికి తిండి పెట్టావా?" మర్నాడు మళ్లీ. స్నానానికి పదిసార్లు, కుక్కకు ఇంకో పదిసార్లు. ఇంట్లో విమర్శ ఎక్కువైతే జబ్బు తిరగబెట్టడం ఎక్కువవుతుందని జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడి బృందం లండన్‌లో 1972 నాటికే చూపించింది, ఆ తర్వాత ఎన్నో దేశాల్లో అదే తేలింది. సాయంగా తెచ్చిన ప్రాణి ఆ విమర్శకు కొత్త సాకు అవుతుంది. పోనీ అమ్మగారు చూసుకుంటారా అంటే, ఆమెకు భయం. చివరికి ఎవరూ అక్కర్లేని కుక్క ఒకటి, మరో పని చేతకాలేదన్న భావనతో మీ తమ్ముడు మిగులుతారు.

దీని అర్థం ఎప్పటికీ పెంచుకోవద్దని కాదు. ఇంట్లో జంతువు ఉండటం వల్ల ఒంటరితనం తగ్గి, దినచర్య కుదురుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరు ఏమడిగినా జవాబు చెప్పనివాళ్లు కూడా తమ పిల్లి గురించి అడిగితే మాట్లాడటం నేను చూశాను. తేవాలంటే మాత్రం, అది లేకపోయినా తన పనులు తాను చేసుకునే స్థితికి అతను రావాలి, అతనే అడగాలి. అతను ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనూ దాన్ని సంతోషంగా చూసుకునే మనిషి ఇంట్లో ఇంకొకరు ఉండాలి. కుక్క పదేళ్లకు పైగా బతికే ప్రాణి. అప్పుడైనా కుక్కపిల్ల కంటే, తిండికీ బయటికీ అలవాటుపడిన, నెమ్మదైన పెద్ద కుక్క నయం.

అమ్మగారి భయం కొట్టిపారేసేది కాదు. అయితే ఆవిడ సెషన్‌కు రానక్కర్లేదు, ఆ కుక్క ఇంటికి రాదు, అది ముందు చెప్పండి. థెరపీకి తెచ్చేది పెద్ద కుక్కై ఉండాలి, ఏడాది నిండని కుక్కపిల్లలను తేకూడదు. వీల్‌చైర్, చేతికర్ర, హఠాత్తుగా పడే చప్పుడు, గట్టిగా పట్టుకోవడం వంటివాటికి అది ఎలా స్పందిస్తుందో ముందే పరీక్షించి ఉండాలి. రేబిస్ టీకా, మిగతా టీకాలు, నులిపురుగుల మందు తేదీలతో సహా చూపించగలగాలి. పచ్చి మాంసం తినే కుక్కలను చాలా సంస్థలు అనుమతించవు, వాటినుంచి క్రిములు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి. ముందూ తర్వాతా అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంత చూసినా గీరుకోవడమో పన్ను తగలడమో జరిగితే వెంటనే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అది ఏ కుక్క అయినా సరే.

కొందరికి ఇది అసలే పనికిరాదు. ఉబ్బసం, తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు, కుక్కంటే వణికిపోయేవాళ్లు, ఎప్పుడైనా జంతువులను హింసించినవాళ్లు. భ్రమలు ఇంకా ఉధృతంగా ఉండి, వాటిలో జంతువులు కూడా ఉంటే వాయిదా వేయాలి. కుక్క తనకేదో సంకేతం ఇస్తోందని నమ్మే మనిషిని దాని ముందు కూర్చోబెట్టడం మంచిది కాదు. మీ తమ్ముడి పాత అనుమానాల్లో ఇలాంటిదేమైనా ఉంటే థెరపిస్ట్‌కు దాచకుండా చెప్పండి.

కేంద్రం వాళ్లను ఏం అడగాలి? మొదటిది, మిగతా అన్నిటికంటే ముఖ్యమైనది: "మా తమ్ముడి విషయంలో మీ లక్ష్యం ఏమిటి?" "మనసు ఉల్లాసంగా ఉంటుంది" అంటే అది జవాబు కాదు. "మూడు నెలల్లో సెషన్ రోజున ఎవరూ లేపకుండా లేచి తయారవడం, గుంపులో ఒక్కసారైనా తనంతట తాను మాట మొదలుపెట్టడం" అంటే అది జవాబు. ఎవరు నడిపిస్తారు, వాళ్ల చదువేమిటి, రాసిపెడతారా, అతని సైకియాట్రిస్ట్‌కు చెబుతారా? ఒక్క మనిషే అటు కుక్కనూ ఇటు రోగులనూ చూసుకుంటున్నారా? అలాగైతే నాకు నచ్చదు. కుక్కను చూస్తే మనిషి మీద, మనిషిని చూస్తే కుక్క మీద చూపు తప్పుతుంది.

ఇంకొకటి చాలామంది అడగరు, మీరు అడగండి: కుక్క వద్దనుకుంటే ఏం చేస్తారు? నిద్ర రాకపోయినా ఆవులించడం, మూతి నాక్కోవడం, కళ్లలో తెల్లభాగం కనిపించేలా ఓరగా చూడటం, తోక ముడవడం కుక్క ఇబ్బందిపడుతోందనడానికి గుర్తులు. అమెరికాలోని ఆస్పత్రుల ఇన్‌ఫెక్షన్ నిపుణుల సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక విడత గంట దాటొద్దని ఉంది. అలసిన కుక్కను బయటికి తీసుకెళ్లే హ్యాండ్లర్ ఉన్నచోటే కాటు భయమూ తక్కువ. దీనికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో చాలామందిని ఎప్పుడో ఒకప్పుడు వాళ్ల ఇష్టం లేకుండానే పట్టుకుని, సూది వేసి, గదిలో పెట్టి ఉంటారు. అవసరమై చేసి ఉండొచ్చు, అది వేరే చర్చ. ఇక్కడ ఒక ప్రాణి "వద్దు" అని తల తిప్పుకుంటే గదిలో అందరూ ఆగిపోవడం వాళ్లు చూస్తారు. కుక్కను మెడ పట్టి బలవంతాన కూర్చోబెట్టే చోట వాళ్లు చూసేది పాత కథే.

కొన్నాళ్లకు ఆ కుక్క ముసలిదవుతుంది, హ్యాండ్లర్ వేరే చోటికి వెళ్తాడు, లేదా కార్యక్రమమే ఆగిపోతుంది. ముందుమాట లేకుండా ఒక వారం కుక్క రాకపోతే మీ తమ్ముడి లాంటివాళ్లు దాన్ని చాలా లోతుగా తీసుకుంటారు, కొందరు తమవల్లే రాలేదనుకుంటారు. ఆపేముందు ఎన్ని వారాల ముందు చెబుతారో కనుక్కోండి.

పక్కన కూర్చుని చూడొచ్చా అన్నారు. మొదట్లో వద్దు. మీరుంటే అతను కుక్కను వదిలేసి మీ ముఖం చూస్తాడు, థెరపిస్ట్ అడిగినదానికి అతనికంటే ముందు మీరు జవాబు చెప్పేస్తారు. అక్కలకు అది సహజం. కొన్నాళ్లయ్యాక అతనే రమ్మంటే వెళ్లండి. ఇంటికొచ్చాక "ఏం చేశావు, ఏమన్నారు" అని గుచ్చి అడగొద్దు. "ఇవాళ అది వచ్చిందా?" అని ఒక్కమాట అడిగి, చెప్పినంత విని ఊరుకోండి.

చేర్చకముందే ఓ కాగితం మీద నాలుగు సంగతులు రాసి తేదీ వేయండి: ఎన్నింటికి లేస్తున్నాడు, స్నానానికి ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తోంది, తనంతట తాను మాట్లాడుతున్నాడా, కేంద్రానికి వెళ్లేటప్పుడు పేచీ ఉందా. వారానికోసారి అవే నాలుగూ రాస్తూ ఉండండి. మూడు నెలలయ్యాక ఆ కాగితం తీసుకుని థెరపిస్ట్‌నూ సైకియాట్రిస్ట్‌నూ కలవండి. కాస్తైనా కదలిక ఉంటే కొనసాగించండి. ఏమీ లేకపోతే, అతనికి ఆ వారపు కలయిక ఇష్టంగా ఉందా అని అతన్నే అడగండి. ఇష్టమంటే ఆ ఒక్కదానికోసమైనా ఉంచొచ్చు. ఇష్టమూ లేదు, మార్పూ లేదంటే ఆపేసి, ఆ డబ్బుతో సోషల్ స్కిల్స్ శిక్షణో, పక్కన మనిషి ఉండి పని నేర్పించే ఉద్యోగ కార్యక్రమమో ఉందేమో కేంద్రాన్ని అడగండి.